తుడిస్తే పోని గీత

పెన్సిల్‌కి రబ్బరుంది. కంప్యూటర్‌కి ‘అన్‌డూ’ ఉంది. శ్రీకాళహస్తిలో కలం పట్టినవాళ్లకి ఆ రెండూ లేవు. అలాంటి చోటికి, కొత్త గీత వెతుక్కుంటూ నలుగురు చిత్రకళా విద్యార్థులు బయల్దేరారు. వాళ్ల వెంట ఆరు రోజులు...

కుండకి కట్టిన గుడ్డ విప్పగానే గుప్పుమంది వాసన. పులిసిపోయిన కల్లు, తుప్పు పట్టిన బోరింగు నీళ్లు, చెమ్మగిల్లిన బెల్లం... మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అలా! నలుగురిలో ఇద్దరు చున్నీ ఒకరూ, కర్చీఫ్ ఒకరూ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేనైతే రెండడుగులు వెనక్కి వేశాను.

‘‘ముక్కు మూసుకుంటే ఎట్లమ్మా? ఈ వాసన చూసే కదా నలుపు తయారైందా లేదా అని చెప్పేది’’ అన్నారు అయ్యవారు. ఆయనకి అరవై దాటాయి. కుడిచేతి బొటనవేలి గోరు పుట్టుకతోనే నల్లగా ఉందేమో అనిపిస్తుంది. పేరు రాస్తానంటే వద్దన్నారు. ‘‘పనిని గురించి రాయండి, చాలు’’ అని కుండలో కర్రపెట్టి కలిపారు.

కుండలో ఉన్నది తుప్పు పట్టిన మేకులు, ఇనుప ముక్కలు, తాటిబెల్లం, చెరకు బెల్లం, నీళ్లు. అంతే. రెండు మూడు వారాలు ఊరితే ఇనుమంతా ఆ పులుపులోకి దిగుతుంది. ఆ నీటినే ఇక్కడ కసిమి అంటారు. కలంకారీలో కనిపించే ప్రతి నల్లగీతా ఇలాంటి ఓ కుండలోంచి వచ్చిందే.

విచిత్రమేమిటంటే, కుండలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు! పలచటి టీ డికాక్షన్‌లా ఉంటుంది. అయ్యవారు వెదురు కలం అందులో ముంచి గుడ్డమీద ఓ గీత లాగారు. గీత లేతగా పడింది. మేం చూస్తుండగానే ముదిరింది. ఓ నిమిషం గడిచేసరికి కాటుకలా నిలిచింది.

‘‘సార్, ఇది పొరపాటున పడితే?’’ అడిగాడో కుర్రాడు.

‘‘పడితే పడినట్టే నాయనా.’’

గూడు అల్లిన ఊరు

తిరుపతికి సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊరు శ్రీకాళహస్తి. వాయులింగ క్షేత్రం. రాహుకేతు పూజలకొచ్చే జనంతో వీధులు తెల్లవారకముందే నిండిపోతాయి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. ఏడేళ్లలో దాన్ని మళ్లీ కట్టుకున్నారు. ఊరి పేరులో ముగ్గురు భక్తులున్నారన్నది అందరికీ తెలిసిన కథే. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. శివుడికి ఎండా వానా తగలకుండా గూడు అల్లిందట సాలెపురుగు. తన ఒంట్లోంచి తీసిన దారంతో, గాలిలో గీతలు గీసినట్టు! బొమ్మలవాళ్లకి ఇంతకంటే సరైన ఊరు ఇంకెక్కడుంటుంది?

నాతో వచ్చిన నలుగురూ హైదరాబాద్‌లో పెయింటింగ్ చివరి సంవత్సరం చదువుతున్నారు. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు. కలంకారీ నేర్చుకుని చీరలు వెయ్యాలని రాలేదు వాళ్లు. వాళ్లకి కావలసింది వేరు. ‘‘మేం గీసే మనుషులందరూ ఒక్కలాగే ఉంటున్నారు మేడమ్. చార్‌కోల్ మారిస్తే మనిషి మారతాడేమో చూద్దామని...’’ అంది వాళ్లలో కాస్త ధైర్యంగా మాట్లాడే అమ్మాయి.

నవ్వొచ్చే మాటే. కానీ ఆలోచిస్తే ఇవాళ్టి చిత్రకళలో పెద్ద ప్రశ్న అదే. ఒకప్పుడు డ్రాయింగ్ అంటే పెయింటింగ్‌కి ముందు వేసుకునే చిత్తుప్రతి. ఇప్పుడు డ్రాయింగే అసలు బొమ్మగా గోడకెక్కుతోంది. గుర్తు పడితే చాలు... బొగ్గు, పొగ, టీ మరక, దారం, తుప్పు, ఏదైనా సరంజామానే. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ 1989 నుంచి బొగ్గుతో బొమ్మ గీయడం, కొంత చెరపడం, మళ్లీ గీయడం, మార్పు మార్పుకీ ఫొటో తీయడం... అలా సినిమాలే తయారుచేశాడు. చెరిపిన చోట మసక మిగిలిపోతుంది. ఆయన బొమ్మలకి ఆ మసకే ప్రాణం. చైనాలో పుట్టిన త్సాయ్ గువో-చియాంగ్ అయితే కాగితంమీద తుపాకిమందు పరిచి నిప్పంటిస్తాడు. కాలిన మచ్చే బొమ్మ!

మనకి మాత్రం కొత్తా? బాపు గీత చూసి పెరిగిన జాతి మనది. సంతకం చూడకుండానే ‘ఇది బాపు బొమ్మ’ అని ఇట్టే చెప్పేస్తాం. మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టిన కె.లక్ష్మాగౌడ్ సిరా గీతలతోనూ, లోహపు రేకుని ఆమ్లంతో తినిపించి గీతలు తెప్పించే ఎచింగ్‌తోనూ పల్లె మనుషుల్నీ, మేకల్నీ, చెట్లనీ ప్రపంచం ముందు నిలబెట్టారు. అంతదాకా ఎందుకు? వాకిట్లో ముగ్గుపిండిని రెండువేళ్ల మధ్య నుంచి జారవిడిచే ప్రతి అమ్మకీ తెలుసు... బియ్యప్పిండి జారే తీరు వేరు, రాతిముగ్గు జారే తీరు వేరని.

కలం కొనరు, చేసుకుంటారు

రెండోరోజు పొద్దున అయ్యవారు ఒక్కొక్కరికీ ఓ వెదురు పుల్ల, కాస్త పాత కంబళి ముక్క, నూలుదారం ఇచ్చారు. ‘‘మీ కలం మీరే కట్టుకోండి’’ అన్నారు.

పుల్ల కొస చెక్కాలి. కొసకి కాస్త పైన కంబళి ముక్కని ఉండలా చుట్టాలి. దానిమీద దారం బిగించి చుట్టాలి. ఆ ఉండే సిరాబుడ్డి. కలం ముంచితే రంగంతా అది పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వేళ్లతో ఆ ఉండని నొక్కుతుంటే రంగు కొసలోకి దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది. తక్కువ నొక్కితే గీత ఎండిపోతుంది. గీతలకి సన్నకొస, రంగులు నింపడానికి మొద్దుకొస.

నేనూ ఓ కలం కట్టుకున్నాను. స్కూల్లో రికార్డు పుస్తకాల్లో కప్ప బొమ్మ చక్కగా వేసేదాన్నని నాకో నమ్మకం ఉండేది. అయ్యవారు జానెడు గీత గీయమన్నారు. మొదట్లో వానపాములా లావుగా మొదలై, మధ్యలో దారంలా సన్నబడి, చివర్లో భయపడినట్టు ఆగిపోయింది. ఆగినచోట మాత్రం ఇంత బొట్టు! ‘‘బాగానే ఉండాది. ఆలోచిస్తా ఆగినారు చూడండి, ఆ ఆలోచనంతా అక్కడ పడింది’’ అన్నారాయన.

ఆ మాట నలుగురు విద్యార్థులకీ నాకంటే ఎక్కువ తగిలింది. కాలేజీలో వాళ్లు వంద గీతలు లేతగా గీసి, అందులో నచ్చినదాన్ని ముదురు చేస్తారు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. చింతపుల్లల్ని కాల్చి చేసుకున్న బొగ్గుతో గుడ్డమీద ముందు లేతగా గుర్తులు పెట్టుకోవచ్చు. ఆ బొగ్గు దులిపితే పోతుంది. కసిమి దిగాక మాత్రం మార్చేది లేదు. భుజం ఎక్కడ మొదలవుతుందో చెయ్యి ఆడించేముందే తేల్చుకోవాలి.

మూడు గుడ్డపేలికలు

మూడోరోజు విద్యార్థులు ఓ ప్రయోగం పెట్టుకున్నారు. ఒకే కలం, ఒకే కసిమి, ఒకే చెయ్యి. గుడ్డలు మాత్రం మూడు.

మొదటిది ఉత్త ముతకగుడ్డ. పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టింది. దానిమీద కసిమి గీత నల్లబడనే లేదు. తుప్పు మరకలా పసుపు, గోధుమ రంగుల మధ్య ఉండిపోయింది.

రెండోదాన్ని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టారు. గీత నల్లబడింది. కానీ నిలవలేదు. తడిసిన బ్లాటింగ్ పేపర్‌మీద సిరాలా అటూ ఇటూ పాకింది. గీసిన ముక్కు కాస్తా మీసంలా తయారైంది!

మూడోదాన్ని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండబెట్టారు. గీత ఎక్కడ పెడితే అక్కడే ఉంది. పాలలోని కొవ్వు గుడ్డ నూలుపోగుల్ని పట్టుకుని రంగుని పాకనివ్వదు. కరక్కాయలోని వగరు, అంటే టానిన్, ఇనుముతో కలిసి నల్లబడుతుంది. అంటే నలుపు కుండలోనూ లేదు, గుడ్డలోనూ లేదు. రెండూ కలిసినచోట పుడుతుంది!

ఈ రహస్యం మనొక్కళ్లదే కాదు. యూరప్‌లో వందల ఏళ్లపాటు ఉత్తరాలూ, దస్తావేజులూ, బొమ్మలూ ఇదే పద్ధతిలో చేసిన సిరాతోనే రాశారు, గీశారు. కరక్కాయ బదులు వాళ్లకి ఓక్ చెట్టుకి పట్టే మాచికాయ. తుప్పు మేకుల బదులు అన్నభేది. మన ఆయుర్వేదం కొట్లో రెండూ దొరుకుతాయి. 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో ఉన్నప్పుడు వాన్ గో అక్కడి రెల్లు కోసుకుని కలాలు చెక్కుకున్నాడు. రెల్లు కలం ఎక్కువ సిరా పట్టదు. గీత పొడుగ్గా సాగదు. అందుకే ఆ బొమ్మల్లో పొలాలన్నీ చిన్నచిన్న గీతలు, చుక్కలు, మెలికలు. ఆయన శైలి అని మనం అనేదానిలో సగం ఆ రెల్లుపుల్లదే! అప్పట్లో నల్లగా మెరిసిన ఆ సిరా గీతల్లో చాలామటుకు కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగాయి.

ఇందులో ఓ ప్రమాదమూ ఉంది. ఇనుము తను నిలిచిన చోటునే మెల్లగా తింటుంది. పాత కలంకారీల్లో నల్లగీత ఉన్నచోట గుడ్డ చివికిపోయి కనిపించడానికి కారణం అదే. మాచికాయ సిరాతో రాసిన పాత కాగితాలకీ అదే జబ్బు. కసిమి పదును ఎక్కువైతే బొమ్మ ఆయుష్షు తగ్గుతుంది. అయ్యవారు కుండలో వేలు ముంచి నాలుకమీద రాసుకుని చూసేది అందుకే. (మనం చేయకూడదు. ఆయనకి చెల్లింది!)

ఈ మాట విన్నాక విద్యార్థులు కాస్త తగ్గుతారనుకున్నాను. తగ్గలేదు సరికదా, డ్రాయింగ్ షీట్‌మీద కరక్కాయ నీళ్లు పూసి, ఆరబెట్టి, కసిమితో మనుషుల్ని గీయడం మొదలుపెట్టారు. బస్టాండ్‌లో పడుకున్న యాత్రికుడు, గుండు చేయించుకుంటున్న పిల్లాడు, రాహుకాలం కోసం గడియారం చూసుకుంటున్న పెద్దాయన... మొదటిరోజు గీసినవాటికీ వీటికీ పోలికే లేదు. గీతలు తక్కువ. ఉన్న గీతలకి మాత్రం బరువుంది. ‘‘చార్‌కోల్‌తో అయితే ఈ వీపుకి పాతిక గీతలు పెట్టేవాణ్ని మేడమ్. ఇక్కడ ఒక్కటే పెట్టాను. భయం వేసి!’’ అన్నాడు ఒకడు. ఆ ఒక్క గీతలోనే ముసలాయన అలసటంతా ఉంది.

రాముడి మొహం ముందు

మధ్యాహ్నం భోజనాలయ్యాక అయ్యవారు ఓ పెద్ద గుడ్డ పరిచారు. మధ్యలో పట్టాభిషేకం, చుట్టూ గళ్లుగళ్లుగా రామాయణం. ప్రతి వరుస కిందా తెలుగు అక్షరాల్లో కథ. ఒకప్పుడు ఇలాంటి గుడ్డలు గుళ్లల్లో వేలాడదీసి కథ చెప్పుకునేవారు. ఈ ఊళ్లో 19వ శతాబ్దంలో వేసిన రామాయణం గుడ్డ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఉంది. ఇరవయ్యో శతాబ్దం సగానికొచ్చేసరికి పని తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆ తరంలో వికసించిన జె.గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

‘‘మొదట మొహం. అది కుదరకపోతే గుడ్డంతా దండగ. కన్ను చివర్న’’ అంటూ వివరించారు అయ్యవారు. దేవుళ్లకి నీలం, ఆడవాళ్లకి పసుపు, రాక్షసులకి ఎరుపు. ఎవరి కొలత వాళ్లది, ఎవరి రంగు వాళ్లది. ‘‘మరి మామూలు మనిషికి ఏ రంగు సార్?’’ అనడిగింది ధైర్యస్తురాలు.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ‘‘మామూలు మనిషిని ఎవరూ అడగలేదమ్మా ఇంతవరకూ. ఆర్డర్లన్నీ దేవుళ్లకే కదా’’ అన్నారు తర్వాత.

వసారా మూలన కూర్చుని సీతమ్మ చీరకి రంగు నింపుతున్న అక్క తల ఎత్తి చూసింది. మళ్లీ దించుకుంది.

కనబడని గీత

ఆ అక్క పద్నాలుగేళ్లుగా అక్కడ పనిచేస్తోంది. పదో తరగతి అయ్యాక చేరిందట. శ్రీకాళహస్తిలో ఈ పనిమీద బతికేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఆమెలాగే ఎందరో రంగులు నింపేవాళ్లే. రేఖలు వేసేవాళ్లకి పేరు, కూలీ రెండూ ఎక్కువ. నింపేవాళ్లకి రెండూ తక్కువ. బొమ్మ కింద సంతకం ఎలాగూ వీళ్లది ఉండదు.

నాలుగోరోజు ఎరుపు పాఠం. ఇక్కడే అసలు తమాషా ఉంది. ఎరుపుకి కలం ముంచేది ఎర్రరంగులో కాదు, పటిక నీళ్లలో! ఎరుపు కావలసిన చోటల్లా పటిక రాయాలి. తడి ఉన్నంతసేపే అది కనిపిస్తుంది. ఆరితే మాయం. ఒకరోజు ఆరనిచ్చి, పారే నీటిలో కడిగి, ఆ తర్వాత మంజిష్ట వేరు వేసిన నీళ్లలో ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పడుతుంది. (ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ పొడి వాడుతున్నారు.) అంటే గీసేటప్పుడు మీకు గీత కనపడదు. ఎక్కడిదాకా వచ్చారో, ఎక్కడ వదిలేశారో చెయ్యే గుర్తుపెట్టుకోవాలి.

విద్యార్థులు ఎగిరి గంతేశారు. కనపడని డ్రాయింగ్! నలుగురూ తలో గుడ్డమీద పటికతో మనుషుల్ని గీశారు. సరదా పుట్టి నేనూ ఓ చెయ్యి వేశాను. అయిదోరోజు సాయంత్రం రాగి బాన కింద కట్టెలు మండుతుంటే అందరం చుట్టూ నిలబడ్డాం. గుడ్డలు పైకి తీశారు. ఒకడి బొమ్మకి మూడు చేతులు. ఇంకో అమ్మాయి గీసిన మొహంలో కన్ను చెంపమీదికి దిగింది. నా బొమ్మ సంగతి చెప్పకపోవడమే మంచిది.

అదే బానలోంచి అక్క నింపిన గుడ్డ తీశారు. ఏనుగు అంబారీ కుచ్చులు, రథం గొడుగులు, వానర సైన్యం దట్టీలు... నల్లగీత దాటి ఒక్కచోట కూడా ఎరుపు బయటికి రాలేదు. లోపల ఒక్కచోట కూడా ఖాళీ మిగల్లేదు.

విద్యార్థులు నోరు తెరుచుకు చూస్తుండిపోయారు. వాళ్లు వారం రోజులుగా వెతుకుతున్న విద్య వసారా మూలన పద్నాలుగేళ్లుగా కూర్చుని ఉంది! దానికి ‘నింపడం’ అని పేరు పెట్టారు కాబట్టి ఎవరికీ అది గీతలా కనపడలేదు. ఆ మాట నాకూ వర్తిస్తుంది. మొదటి మూడు రోజులూ నా నోట్‌బుక్‌లో ఆమె గురించి ఒక్క ముక్క లేదు.

‘‘అక్కా, నువ్వెప్పుడూ బొమ్మ వెయ్యలేదా?’’ అడిగింది మన ధైర్యస్తురాలు.

‘‘ఇంట్లో వేస్తా ఉంటా. పాత పేలికల మింద. ఎవురికీ చూపీలే.’’

అయ్యవారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, పాలు పట్టించి ఆరబెట్టిన గజం గుడ్డ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు. ‘‘రేపు నీ పని ఇదే. కూలి మామూలే’’ అన్నారు.

ఇది మాయమ్మ

ఆరోరోజు పొద్దున మేం వెళ్లేసరికే అక్క చింతబొగ్గుతో గుర్తులు పెట్టేసుకుంది. బల్లమీద గుడ్డ, పక్కన కసిమి ముంత. గుడి ముందు పూలు కట్టే ఒకావిడ బొమ్మ అది. కాళ్లు చాపుకుని, ఒళ్లో పూలబుట్ట, బొటనవేలికి తగిలించిన నార... ‘‘మాయమ్మ’’ అంది.

కలం దిగింది. చెంప మీదుగా గడ్డం దాకా ఒక్క గీత, మధ్యలో ఆగకుండా. భుజం. మోచెయ్యి. నారని లాగి పట్టుకున్న బొటనవేలు. పురాణం బొమ్మల్లోని కొలత కొంత ఉంది. కళ్లు పెద్దవి, చెవికి తోడా ఉంది. కానీ ఆ వంగిన నడుము ఏ పురాణంలోనూ లేదు. రోజుకి పదిగంటలు నేలమీద కూర్చునే మనిషి నడుము అది.

సగం అయ్యాక ఎవరో పిలిస్తే అటు తిరిగింది. కలంలోంచి బొట్టు జారి బొమ్మ చెంపమీద పడింది. వసారా అంతా నిశ్శబ్దం. నా గుండె ఝల్లుమంది. కూలి పోదులే కానీ, మొదటి బొమ్మ!

అక్క ఆ బొట్టుని కాసేపు చూసింది. తుడవడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

‘‘మీ అమ్మకి అక్కడ పుట్టుమచ్చ ఉందా?’’ ఊరడింపుగా అడిగాను.

‘‘లేదు మేడమ్... ఇప్పుడు ఉండాది’’ అని నవ్వి మళ్లీ కలం ముంచింది.

సాయంత్రానికి నల్లగీతలన్నీ పూర్తయ్యాయి. అక్కడక్కడా పటిక రాసింది. పూలలో కొన్నిటికి, రవికకి. మాకు ఖాళీగానే కనిపించింది. ఆమెకి మాత్రం ఎరుపు అప్పుడే కనపడుతోందని మొహం చూస్తే తెలిసింది.

విద్యార్థులు నలుగురూ తలాకొంత వేసుకుని ఆ బొమ్మ కొంటామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ‘‘ఇది అమ్మేది కాదు. ఇంకోటి వేస్తా, అది తీసుకోండి’’ అంది. అయ్యవారు నవ్వారు. ‘‘చూసినారా, ఒక్కరోజులో బేరం నేర్చింది’’ అన్నారు. ఆ నవ్వులో గర్వమూ ఉంది, కాస్త దిగులూ ఉంది. ఆయన భయం నాతో తర్వాత చెప్పారు. మిల్లులో స్క్రీన్ ప్రింట్ కొట్టిన బట్టని ‘కలంకారీ’ పేరుతో ఊరూరా అమ్ముతున్నారు. చేత్తో వేసింది నెల పడితే అది గంటల పని. అందులో వాసన ఉండదు, తప్పు ఉండదు, బొట్టు ఉండదు. ధర మాత్రం చవక. స్వర్ణముఖి చూస్తే ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. పారే నీళ్ల కోసం బోరు మీద ఆధారపడాలి. ‘‘దేవుళ్ల బొమ్మలకే గిరాకీ తగ్గుతా ఉంటే పూలమ్మే ఆమె బొమ్మ ఎవురు కొంటారమ్మా?’’

నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక్కటి అనిపించింది. రాముణ్ని ప్రింట్ కొట్టొచ్చు. ఆ అచ్చు ఎప్పుడో తయారైపోయింది. ఆ వంగిన నడుముని మాత్రం, చూసినవాళ్లు తప్ప, ఏ మిల్లూ ముందుగా అచ్చు వేయలేదు. కలం బతికితే అలాంటి బొమ్మల్లోనే బతుకుతుందేమో!

బస్సుకి టైమవుతోంది. మేం సంచులు సర్దుకుంటుంటే అక్క గుడ్డ అడుగున రెండు గీతలు కొట్టి వరుస చేసింది. పట్టాభిషేకం గుడ్డల్లో కథ రాసే చోటది. ‘ఇది శ్రీరామచంద్రుడు’, ‘ఇది హనుమంతుడు’ అని ఉండే చోట, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది...

‘ఇది మాయమ్మ’.

హైదరాబాద్ వచ్చాక నా వానపాము గీత ఉన్న గుడ్డపేలికని రెండుసార్లు సబ్బుతో ఉతికాను. లావుగా మొదలై, సన్నబడి, భయపడి ఆగిన చోట బొట్టుతో సహా అలాగే ఉంది. ఇప్పుడది నా బల్లమీద అద్దం కింద ఉంటోంది. ఏ వాక్యం దగ్గరైనా కొట్టేసి మళ్లీ రాద్దామని చెయ్యి వెళ్లినప్పుడల్లా అటే చూస్తున్నాను.

* * *

వెళ్లాలంటే...

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి బస్సులు విరివిగా ఉన్నాయి. గూడూరు - రేణిగుంట రైలుమార్గంలో స్టేషన్ ఉంది. దగ్గరలోని విమానాశ్రయం రేణిగుంటలో ఉంది. కలంకారీ పనివాళ్ల ఇళ్లు చూడాలనుకుంటే గుడి దర్శనం ఉదయాన్నే ముగించుకోండి. ఎండ ఉన్నప్పుడే గుడ్డలు ఆరేస్తారు కాబట్టి వానాకాలంలో పని మందగిస్తుంది.

అసలుదేనా?

చేత్తో వేసినదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. గీతని దగ్గరగా చూడండి. లావుగా మొదలై సన్నబడి, కలం మళ్లీ ముంచినచోట తిరిగి లావవుతుంది. ఒకే పువ్వు రెండుచోట్ల ఉంటే రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. కొత్త గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలు, కరక్కాయ కలిసిన వాసన వస్తుంది. మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ చెక్క అచ్చులతో వేసేది. అదీ అసలైన చేతిపనే కానీ పద్ధతి వేరు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. కొనేటప్పుడు ఒక్క మాట అడగండి... ‘రేఖలు ఎవరు వేశారు, రంగులు ఎవరు నింపారు?’ అని. రెండు పేర్లూ చెప్పగలిగినచోట కొనండి.